రాచకొండ గుట్టల మీద లేని తొవ్వ

సమాధుల మధ్య పెరిగినవాణ్ణి నేను. మా నాన్న పట్నంలో ఒక క్రైస్తవ సమాధుల తోటకు కాపలాదారు. గోరీల మీద కూర్చుని ఎక్కాలు వల్లె వేశాను. ఎండాకాలం వాటి మీదే పడుకున్నాను, చల్లగా ఉండేవి. పదిహేనేళ్లలో అక్కడ ఒక్క చప్పుడు కూడా నన్ను భయపెట్టలేదు. కాబట్టి ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే నాకు నవ్వు వచ్చేది. ఇప్పటికీ వస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది దయ్యం సంగతి కాదు, ఒక దారి సంగతి. పట్టపగలు, ఏప్రిల్ ఎండలో జరిగింది. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది దాచిపెడితే మిగతాది చెప్పినా మీకు అర్థం కాదు. అందుకే ఇన్నాళ్లూ మొత్తమే చెప్పలేదు.

అరవై తొమ్మిది నాటి తెలంగాణ ఉద్యమానికి రెండు మూడేళ్ల ముందు మాట. నాచారంలో ఫ్యాక్టరీలు ఒకటొకటిగా లేస్తున్న రోజులు. నేను ఒక పంపుల ఫ్యాక్టరీలో టర్నర్‌ని. పేరు దేవసహాయం, అందరూ సహాయం అనేవారు. ఇల్లు ఉప్పల్లో. ఉప్పల్ అప్పుడు పల్లెటూరే, మా ఇంటి వెనక వరి మళ్లు ఉండేవి. మా యజమాని పాత పట్నం మనిషి కాబట్టి ఫ్యాక్టరీకి వారపు సెలవు శుక్రవారం.

ఆ శుక్రవారాలు మావి. ఫ్యాక్టరీ వాళ్లమే ఐదారుగురం, తెల్లవారుతుండగా టిఫిన్ డబ్బాలు కట్టుకుని సైకిళ్ల మీద బయలుదేరేవాళ్లం. మేడిపల్లి, ఘట్‌కేసర్ మీదుగా భువనగిరి ఒక దారి. వికారాబాద్ అవతల అనంతగిరి ఇంకొకటి. మాకు అన్నిటికంటే ఇష్టమైంది మాత్రం విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాకా పోయి, కుడికి తిరిగి, నారాయణపురం మీదుగా రాచకొండ గుట్టల కిందికి చేరే దారి. ఇప్పటి పిల్లలకు గేర్ల సైకిళ్లు, నెత్తిన టోపీలు. మాకు ప్యాంటుకు క్లిప్పు, తలకు తువ్వాల.

దారులు నాకు తెలుసు. అదే నా గొప్ప. ఒక లావుపాటి నోటుబుక్కులో అన్నీ రాసుకునేవాణ్ణి. ఎక్కడ చడావు ఎక్కువ, ఎక్కడ దిగి నడవాలి, ఏ బావికి చేద లేదు, ఏ ఊళ్లో కుక్కలు చెడ్డవి, అన్నీ. ఉప్పల్ చౌరస్తాలో సైకిల్ షాపు నడిపే యాదగిరి ఆ బుక్కు చూసి నాకు ‘రూటు సహాయం’ అని పేరు పెట్టాడు. పైకి కసురుకునేవాణ్ణి గానీ లోపల ఆ పేరంటే నాకు ప్రాణం. లేత్ మీద నాకంటే మంచి పనివాళ్లు ఫ్యాక్టరీలో పదిమంది ఉండేవారు. దారుల దగ్గర మాత్రం ఎవరైనా నా తర్వాతే.

రామ్మోహన్ వచ్చేదాకా.

అతనిది రేపల్లె వైపు. డ్రాయింగ్ సెక్షన్‌లో చేరాడు. ఇరవై నాలుగేళ్లుంటాయేమో, సన్నగా, గట్టిగా గాలి వీస్తే ఒరిగిపోయేలా ఉండేవాడు. గుట్ట అంటే ఏమిటో ఎరగని ప్రాంతం. వాళ్ల ఊళ్లో అన్నిటికంటే ఎత్తైనది కాలవ గట్టేనని తనే చెప్పి నవ్వేవాడు. సొంత సైకిలు కూడా లేదు. యాదగిరి దగ్గర కిరాయికి తీసుకున్న పాత సైకిలు మీద మాతో బయలుదేరాడు.

నారాయణపురం దాటాక ఒక చడావు ఉంది. దిగకుండా దాన్ని ఎక్కినవాణ్ణి మాలో నేనొక్కణ్ణే, అదీ ఎనిమిదేళ్లలో రెండేసార్లు. రామ్మోహన్ మొదటిసారే ఎక్కేశాడు. పక్కవాడితో మాట్లాడుతూ మొదలుపెట్టి, వాడు వెనకబడ్డాక కూనిరాగం తీస్తూ ఎక్కాడు. పైన రాయి మీద కూర్చుని మేమంతా వచ్చేదాకా ఆగాడు. నేను రొప్పుతూ చేరుకోగానే, “మీరు చెప్పిన చోటే ఉందండీ బావి, సహాయంగారూ” అన్నాడు. అందులో వెక్కిరింపు లేదు. నిజంగానే సంతోషపడ్డాడు. నాకు మింగుడు పడనిది అదే.

ఆ తర్వాత ఒక్కొక్కటిగా జరిగాయి. గురువారం క్యాంటీన్‌లో రేపు ఎటు పోదామని నేను మొదలుపెడితే, రామ్మోహన్ వస్తున్నాడా అని ముందు అడిగేవారు. వస్తున్నాడంటేనే దారి మాట. యాదగిరి అతనికోసం మంచి చైను వేసి ఆ కిరాయి సైకిలును ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేవాడు. నేను ఎనిమిదేళ్లుగా అదే షాపులో గాలి కొట్టించుకుంటున్నాను. నాకోసం ఎప్పుడూ ఏదీ పక్కన పెట్టలేదు.

అతను ఆంధ్ర నుంచి వచ్చాడని నాకు కడుపుమంట అని తర్వాత కొందరు అనుకున్నారు. కాదు. మా ఊరివాడైతే ఇంకా ఎక్కువ మండేది.

మా పెద్దమ్మాయి విమలకు అప్పుడు పదేళ్లు. సైకిలు నేర్పమని ఏడాదిగా నా వెంట పడుతోంది. వచ్చే వారం, వచ్చే వారం అంటూ గడిపాను. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే, చెరువు కింది మైదానంలో అది తొక్కుతోంది, రామ్మోహన్ సీటు పట్టుకుని వెనక పరిగెడుతున్నాడు. నేను చూస్తుండగానే చెయ్యి వదిలేశాడు. అది పడలేదు. “నాయినా, సూడు” అని నన్ను పిలిచింది. నేను నవ్వాను. ఎంత కష్టపడి నవ్వానంటే దవడలు నొప్పి పెట్టాయి. అన్నాల దగ్గర మా ఆవిడ శాంతమ్మ, ఆ పిల్లగానికి ఎంత ఓపికో అని మెచ్చుకుంది. నేను మజ్జిగ పోసుకోకుండానే లేచాను.

మార్చి ఆఖరులో ఒక సాయంత్రం రామ్మోహన్ మా ఇంటికి వచ్చాడు. వదినగారూ అంటూ శాంతమ్మ ఇచ్చిన చాయ తాగాడు. వచ్చే శుక్రవారం ఒక్కడే రాచకొండ గుట్టలకు పోవాలని ఉందట. వచ్చిన దారినే తిరిగి రావడం కాకుండా, గుట్టలు దాటి అవతల మంచాల వైపు దిగి, ఇబ్రహీంపట్నం మీదుగా ఉప్పల్ చేరే దారి ఏదైనా ఉందా అని అడిగాడు.

లేదు. పాత రాచకొండ కోట వైపు మనుషులూ మేకలూ ఎక్కే కాలిబాట ఉంది గానీ అది సైకిలుకు పనికిరాదు. కోటకు దక్షిణాన అదీ లేదు. చివరి తండా దాటితే అన్నీ రాళ్లు, ముళ్లపొదలు. నేనే నాలుగుసార్లు ప్రయత్నించి వెనక్కి తిరిగాను. గుట్టలను చుట్టి రావాలంటే నలభై మైళ్ల గతుకుల రోడ్డు.

“ఉంది” అన్నాను.

అతను జేబులోంచి కాగితం తీశాడు. నేను పెన్సిలు తీసుకుని గీశాను. ఏం గీశానో వివరంగా చెప్పాలి. చివరి తండా దాకా అంతా నిజం. అక్కడి నుంచి కల్పన. తండా దాటగానే కుడి చేతికి తలలు ఆనించుకున్న రెండు పెద్ద రాతి గుండ్లు. వాటి నడుమ నుంచి పాత బండ్ల బాట. నిజాం కాలంలో వేటకు వేశారన్నాను. రెండు మైళ్లు ఎక్కితే పైన చదును. అక్కడ రాతిలో నీళ్లు నిలిచే దొన, ఏడాది పొడుగునా ఎండదు. పక్కన సున్నం కొట్టిన ఒంటి గది. అందులో ఒక ముసలాయన ఉంటాడు, ఎడమ చెవికే పోగు, కుడి చెవి బోసి. ఆయన నీళ్లు ఇస్తాడు. ఆ తర్వాత దిగడమే, ఏడు మలుపులు. ఏడో మలుపులో మంచాల చెరువు కనిపిస్తుంది.

ఆ చెవిపోగు ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలియదు. నోటికి వచ్చింది, చెప్పాను. ఒకటి మాత్రం సిగ్గు విడిచి ఒప్పుకుంటాను. అలా చెబుతున్నంతసేపూ నాకు హాయిగా ఉంది. చాలా నెలల తర్వాత రామ్మోహన్ నా నోటికేసి చూస్తూ కూర్చున్నాడు.

అతను చావాలని నేను అనుకోలేదు. ఎండలో సైకిలు భుజాన వేసుకుని రాళ్ల మధ్య తిరిగి తిరిగి, వాడిపోయిన మొహంతో ఏ లారీ మీదో దిగాలి. మర్నాడు క్యాంటీన్‌లో అందరి ముందు, ‘ఆ గుండ్లు కొత్తవాళ్లకు దొరకవులే’ అని నేను అనాలి. అంతే నా కోరిక.

డ్రాయింగ్ మనిషి కదా, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి బాగా గీశారని మెచ్చుకున్నాడు. అతను వెళ్లాక శాంతమ్మ గడపలోంచి అడిగింది.

“ఆ తొవ్వల నువ్వెప్పుడు పోయినవ్?”

పెళ్లికి ముందు అన్నాను. ఆమె చాయ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

శుక్రవారం పొద్దున ఐదింటికి అతను బయలుదేరాడు. నేను ఇంట్లోనే ఉన్నాను. పది దాటేసరికి ఆకు కదలడం లేదు. పదకొండుకు వడగాలి మొదలైంది. శాంతమ్మ కుండలో నీళ్లు నింపుతూ, ఇంత ఎండలో ఆ పిల్లగాడు గుట్టల మీద ఏమైతున్నడో అంది. అప్పుడు తట్టింది నాకు. పైన దొనలో నీళ్లున్నాయని నేను చెప్పాను. కాబట్టి అతను తనతో ఎక్కువ నీళ్లు తీసుకుపోయి ఉండడు.

అన్నానికి కూర్చున్నవాణ్ణి లేచాను. కంచం వదిలి చౌరస్తాకు నడిచాను. యాదగిరితో నిజం చెప్పి ఇద్దరం కలిసి వెతకబోదామని. షాపు మూసి ఉంది. అత్తగారి ఊరు ఇబ్రహీంపట్నం పోయాడని పక్కకొట్టువాడు చెప్పాడు. షాపు ముందరి బల్ల మీద కూర్చున్నాను. ప్రార్థన చేద్దామనుకున్నాను గానీ ఏమని అడగాలో తెలియలేదు. వాణ్ణి నేనే పంపాను, నువ్వు తీసుకురా అనాలా? మూడున్నర దాకా అలాగే కూర్చుని, ఇక లాభం లేదు, సైకిలు తీసుకుని పోదామని లేచాను.

నాగోలు వైపు నుంచి రామ్మోహన్ వస్తున్నాడు.

మొహం ఎండకు కమిలి ఉంది. పెదవులు పగిలాయి. కళ్లలో మాత్రం పండగ. సైకిలు దిగీ దిగకముందే అన్నాడు.

“మలుపులు ఏడు కాదండీ, ఎనిమిది. మూడో దానికీ నాలుగో దానికీ నడుమ చిన్నదొకటి ఉంది, మీరు మరిచిపోయారు.”

కూర్చోమని బల్ల చూపించాను. అతను నిలబడే మొత్తం చెప్పాడు. గుండ్లు నేను గీసినట్టే ఉన్నాయట. బాట మీద బండి చక్రాల గాడులు లోతుగా, పాతబడి ఉన్నాయట. దొనలో నీళ్లు నల్లగా, మోకాలి లోతు. ముసలాయన గది నీడలో కూర్చుని నారతో తాడు పేనుతున్నాడట. నార సంగతి నేను చెప్పలేదు. చెవి సంగతి అతను మాట్లాడలేదు. నేనే అడిగాను. ఎడమ చెవికే ఉందండీ, మీరు చెప్పినట్టే అన్నాడు.

సంచిలోంచి నీళ్ల సీసా తీసి, పైనుంచి తెచ్చాను తాగండి అన్నాడు. నాకు దాహంగానే ఉంది. వద్దన్నాను.

ఆ సాయంత్రమంతా నేను ఒకటే అనుకున్నాను. వీడికి నా అబద్ధం తెలిసిపోయింది. తండా దాకా పోయి, దారి లేదని చూసి, వచ్చిన దారినే వెనక్కి వచ్చి, నా కథ నాకే అప్పజెబుతున్నాడు. ఆ ఎనిమిదో మలుపు నన్ను దెప్పడానికి. అలా అనుకుంటే కోపం వచ్చింది గానీ మనసు కుదుటపడింది.

మర్నాడు డ్యూటీకి పోతూ యాదగిరి షాపు దగ్గర ఆగాను. నేను ఏమీ అడగలేదు. తనే ఎత్తాడు.

“సహాయమన్న, నిన్న మన రామ్మోహన్‌ను ఇబ్రహీంపట్నంల సూసిన. జుమ్మా నమాజుకు జనం పోతున్నరు, గప్పుడు మసీదు ముందర సోడా తాగుతున్నడు. ఏంది, ఒక్కడే గింత దూరం పోయిండా?”

జుమ్మా నమాజు అంటే ఒంటిగంట. అతను ఇబ్రహీంపట్నం వైపు దిగాడన్నమాట. గుట్టలను చుట్టి పోయి ఉంటాడు, ఎంత బలమున్నవాడో మనకు తెలుసు కదా అని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ వారమంతా లేత్ మీద నా చెయ్యి కుదరలేదు. రెండు షాఫ్టులు పాడుచేసి ఫోర్‌మన్ చేత మాట పడ్డాను.

తర్వాతి శుక్రవారం ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే బయలుదేరాను.

తండాలో ఒక లంబాడీ ఆమె వేపచెట్టు కింద జొన్నలు చెరుగుతోంది. నడివయసు మనిషి. గుట్ట మీదికి తొవ్వ ఎక్కడ అని అడిగాను.

“తొవ్వేడిది అయ్యా? అటు మా మేకలే పోవు” అంది.

ఆపైన తనంతట తానే చెప్పింది. పోయిన వారం సైకిలు మీద ఒక సన్నటి మనిషి వచ్చాడట. చేతిలో కాగితం చూసుకుంటూ నేరుగా అటే పోయాడట. ఎన్ని గంటలకని అడిగితే, నీడ కాళ్ల కిందికి చేరే వేళ అంది. అంటే పదకొండు దాటింది. దారి లేదని పిలిచి చెప్పిందట గానీ అతను చెయ్యి ఊపి సాగిపోయాడట. తిరిగి రాలేదు. పొద్దు గుంకే వేళకు తండా మగవాళ్లు పడిపోయాడేమోనని వెతకబోయారు. మనిషి లేడు, సైకిలు లేదు. మీవాడేనా అయ్యా, బతికే ఉన్నాడా అని నన్ను అడిగింది. ఉన్నాడని చెబితే దేవుడికి దండం పెట్టింది.

లెక్క వేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పదకొండు దాటాక ఈ తండా దగ్గర ఉన్నవాడు ఒంటిగంటకు ఇబ్రహీంపట్నంలో సోడా తాగాడు. చుట్టు దారిన నలభై మైళ్లు, కిరాయి సైకిలు మీద, ఏప్రిల్ మధ్యాహ్నం. ఆ గతుకుల్లో మోటారు సైకిలుకే కష్టం. గుట్టను అడ్డంగా దాటితేనే కుదురుతుంది.

ఆమె తండా చివరికి వచ్చి వేలితో చూపించింది. అక్కడ మాగాణి మట్టి లేదు, మెత్తటి ఇసుక. గాలికి చెరిగిపోగా పొద చాటున మూడు జానల టైరు గుర్తు మిగిలి ఉంది. యాదగిరి ఆ కిరాయి సైకిలు వెనక టైరు చిరిగితే లోపల గేటరు, అంటే పాత టైరు ముక్క, పెట్టి పైన అడ్డంగా కుట్లు వేశాడు. ఆ కుట్ల అచ్చు ఇసుకలో ఉంది. మోకాళ్ల మీద కూర్చుని వేలితో తడిమి చూశాను. గుర్తు ముందుకే పోయింది. దాని ముందు రెండు తాటిచెట్ల ఎత్తున ఒకటే బండ. గుండ్లు లేవు. గుండ్ల నడుమ సందు లేదు. పక్కనున్న ముళ్లపొదల్లోకి చొరబడి చొక్కా చింపుకున్నాను. రెండు గంటలు వెతికాను. పాము కుబుసం ఒకటి దొరికింది, అంతే.

అక్కడ నాకు భయం వేయాలి కదా. వేయలేదు. ఆ బండకు వీపు ఆనించి కూర్చుంటే నాకు వచ్చింది ఏడుపు. ఈర్ష్యతో వచ్చిన ఏడుపు. ఆ దారి నాది. నా నోట్లోంచి వచ్చింది. ఆ దొన, ఆ గది, ఆ ముసలాయన నేను పుట్టించినవి. వాటిలోకి అతను పోయి వచ్చాడు. నాకు బండ మిగిలింది.

ఆ ఏడాది ఇంకో మూడుసార్లు పోయాను. ఒకసారి పంతం కొద్దీ యాదగిరి దగ్గర ఆ కిరాయి సైకిలే అడిగి తీసుకుపోయాను. అదే వేళకు, అదే ఎండలో చేరేలా చూసుకున్నాను. తండా ఆమె నన్ను గుర్తుపట్టి, జాలిగా చూసి, తాగడానికి అంబలి ఇచ్చింది. తొవ్వ మాత్రం లేదు.

చివరికి చలికాలంలో, క్రిస్మస్‌కు కొద్దిరోజుల ముందు, రామ్మోహన్‌నే అడిగాను, నన్ను ఆ దారిన తీసుకుపొమ్మని. అడగడానికి ఎంత కష్టమైందో చెప్పలేను. అతను మాత్రం, ఎన్నాళ్లనుంచో అడుగుదామనుకుంటున్నానండీ అన్నాడు.

ఇద్దరం బయలుదేరాం. దారిపొడుగునా అతను నాకంటే పది గజాలు ముందు పోవడం, ఆగడం. తండా దాటాం. అతను సైకిలు దిగి అటూ ఇటూ చూశాడు. కొంచెం ముందుకు నడిచాడు, వెనక్కి వచ్చాడు. బండ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“ఇక్కడేనండీ” అన్నాడు, తప్పు తనదే అన్నట్టు.

ఇక ఆగలేకపోయాను.

“తొవ్వ లేదు రామ్మోహన్. ఎప్పుడూ లేదు. నీకు నేను అల్లి చెప్పిన.”

అతను నా వైపు తిరగలేదు. బండ మీద వేసిన చెయ్యి తీయకుండానే అన్నాడు.

“తెలుసండీ.”

ఎలా తెలుసని అడిగాను. నీళ్లు తాగి లేచేటప్పుడు ఆ ముసలాయన ఒక మాట అన్నాడట. మీకు చెప్పడం బాగుండదని అప్పుడు చెప్పలేదు అన్నాడు. ఏమన్నాడో చెప్పమని పట్టుబట్టాను. రామ్మోహన్‌ది కోస్తా మాట. ఆ ఒక్క ముక్క మాత్రం మా మాటలో, ఆయన అన్నది అన్నట్టే అప్పజెప్పాడు.

“‘నిన్ను పంపినోడు మంచికి పంపలే. అయినా మంచిగనే శేరుతవ్, పో’ అన్నాడండీ.”

ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలలూ ఇతను నా పక్కన కూర్చుని డబ్బా విప్పాడు, మా ఇంట్లో చాయ తాగాడు, నా పిల్లకు మలుపు తిరగడం నేర్పాడు. అన్నీ తెలిసే.

“మరి నన్నెందుకు అడగలేదు?” అన్నాను.

“ఏమని అడగనండీ? దారి ఉంది కదా.”

అంతే అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మేం ఆ సంగతి మాట్లాడుకోలేదు. చడావులన్నిటి మీదా ఎప్పటిలాగే పైన ఆగి నాకోసం చూశాడు. క్షమించమని నేను అడిగానా అంటే, అడగలేదు. నోరు తెరిచాను రెండుమూడుసార్లు. అతనే ఏదో వేరే మాట ఎత్తాడు.

ఉద్యమం రోజుల తర్వాత అతను వేరే ఉద్యోగం చూసుకుని విశాఖపట్నం వెళ్లిపోయాడు. కొన్నేళ్లు క్రిస్మస్‌కు కార్డులు పంపాడు. తర్వాత ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో తెలియదు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. చాలా రకాలుగా ఆలోచించాను. వడదెబ్బ తగిలినవాడు నేను తలకెక్కించినవన్నీ చూశాడనుకుందాం. మరి ఆ మనిషినీ సైకిలునూ గుట్ట దాటించింది ఎవరు? నాకు తెలియని బాట నిజంగానే ఉందనుకుందాం. తండావాళ్లకూ తెలియదా? ఉన్నా ఆ చెవిపోగు ఎక్కడిది? అతను అబద్ధం ఆడాడని మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోను. అబద్ధం ఆడినవాణ్ణి కాబట్టి ఆ తేడా నాకు తెలుసు.

చాలా ఏళ్లకు ఒకసారి శాంతమ్మతో అంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. నువ్వు పెళ్లికి ముందన్ననాడే నాకు అనుమానం వచ్చింది అంది. పాపం ఎరగని మనిషికి దేవుడే తొవ్వ వేసి ఉంటాడంది. ఆమెకు ఆ జవాబు సరిపోయింది. తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

దేవుడే వేశాడనుకుందాం. నేను పోతే ఎందుకు లేదన్నది నాకు అర్థమవుతుంది. కానీ అన్ని మాటలుండగా, విషం కలిపిన నా మాటలతోనే ఎందుకు వేశాడు? అది మాత్రం ఎంత ఆలోచించినా తేలలేదు. తేలకుండానే పోతానేమో.

ఇది విన్నవాళ్లు భయం వేయలేదా అని అడుగుతారు. లేదు. భయం ఒక్కనాడూ వేయలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు మంచం మీద వాలితే ఆ గుట్ట గుర్తొస్తుంది. రామ్మోహన్ అసలు బతికి ఉన్నాడో లేదో కూడా తెలియదు. అయినా అతని మీద ఈర్ష్య పోలేదు.